ఈ కాలు ఏ పని చేసింది?

భయపడ్డంలో కుసుమ తరవాతే ఎవరైనా అని పెడనలో వాళ్ల వీధి వీధంతా తీర్మానించేసింది. అందుకు కారణం నేరేడుపళ్లు.

ఒక మధ్యాహ్నం కూతురు యామిని పకపకా నవ్వుతూ నోరు తెరిస్తే నాలుక ఊదారంగులో కనిపించింది. పెదాల లోపలా అదే రంగు. ఊపిరి అందకపోతే పిల్లలు నీలంగా మారిపోతారని అంతకు ముందురోజే కుసుమ ఫోన్లో ఏదో వీడియో చూసి ఉంది. ఇంకేముంది, పొయ్యి మీద పప్పు పొయ్యి మీదే వదిలేసి, పిల్లను చంకనేసుకుని, దొరికిన ఆటో ఎక్కి బందరు వెళ్లిపోయింది. అక్కడి డాక్టరమ్మ పిల్ల నాలుక చూసింది, తల్లి మొహం చూసింది, "ఏం తిన్నావమ్మా బంగారూ?" అని పిల్లనే అడిగింది. యామిని గౌను జేబులోంచి నలిగిపోయిన నేరేడుపండు ఒకటి తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

తిరిగొచ్చేసరికి పప్పు మాడి బొగ్గయింది. కలంకారీ అద్దకం వాళ్లింటి కోడలు, పొద్దస్తమానం రంగుల మధ్య తిరిగే మనిషి, నేరేడు మరకకి హడలిపోయి బందరు పరిగెత్తిందన్న కథ మాత్రం ఆమెకంటే ముందే ఇల్లు చేరింది.

"పోనీలేవే, పండు మంచిదని డాక్టరు చేత చెప్పించుకొచ్చావు," అంది అత్తగారు హైమావతి. ఆవిడ నవ్వలేదు గానీ, నవ్వు ఆపుకోవడం తెలుస్తూనే ఉంది.

ఆనాటి నుంచి కుసుమ "నాకెందుకో భయంగా ఉందండీ" అంటే చాలు, భర్త ప్రసాద్ "ఏం, మళ్లీ నేరేడుపళ్లా?" అనేవాడు.

నిజానికి ఆ భయం నేరేడుపళ్లతో పుట్టింది కాదు. కుసుమ పుట్టిల్లు గుడివాడ. వాళ్ల నాన్న స్టేషను దగ్గర ఆటో నడిపేవాడు. షుగరు ఉందని తెలుసు, మాత్రలు గుర్తున్నప్పుడు వేసుకునేవాడు. అరికాల్లో చిన్న పుండు లేస్తే "ఏం లేదులేవే, చెప్పు కరిచింది" అన్నాడు. చెప్పు మార్చాడు, పుండు మానలేదు. చివరికి విజయవాడ తీసుకెళ్తే మోకాలి కిందనుంచీ కాలు తీసేశారు. అమ్మ ఆసుపత్రిలో ఉండిపోతే ఇంట్లో పొయ్యి వెలిగించే దిక్కులేక, ఇంటర్ రెండో ఏడు చదువుతున్న కుసుమ కాలేజీ మానేసింది. మళ్లీ వెళ్లనే లేదు. నాన్న ఏడాది తిరక్కుండా పోయాడు. ఆ తరవాత పెళ్లి, ఈ ఇల్లు, యామిని.

ఇక్కడికొచ్చాక చూస్తే మావగారు పున్నయ్యకీ షుగరే.

పున్నయ్య అంటే ఆ చుట్టుపక్కల అద్దకం షెడ్లన్నిటిలోనూ పేరున్న మనిషి. ఇనుప ముక్కలూ బెల్లమూ కలిపి కుండల్లో నానబెట్టి తీసే నల్లరంగు ఆయన చేతిలో కుదిరినట్టు ఇంకెవరి చేతిలోనూ కుదరదు. ఆ రంగు కాయడం, ఉడికిన గుడ్డలు కాలవలో నిలబడి జాడించడం ఆయన పని. అద్దకపు చెక్క అచ్చులున్న చోట చెప్పులతో తిరగడం తప్పని షెడ్డులో అందరూ వట్టికాళ్లతోనే ఉంటారు. అందులోనూ పున్నయ్య మరీ నిష్ఠగా ఉంటాడు, వాకిట్లో కూడా చెప్పులు తొడగడు. టీ కొట్టు దగ్గర గ్లాసులో చక్కెర తగ్గిస్తే ఊరుకోడు. మాత్రలు హైమావతి చేతిలో పెడితే వేసుకుంటాడు, లేకపోతే లేదు.

ఆ వీధికి వచ్చే ఆశా కార్యకర్త హేమ ఎన్నిసార్లు చెప్పి చూసిందో. "షుగరున్నవాళ్లకి కాళ్లలో స్పర్శ తగ్గిపోద్ది బాబాయిగారూ. రోజూ కాళ్లు కడుక్కుని, అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి."

"అద్దం పెట్టుకుని కాళ్లు చూసుకోవడానికి మేమేమన్నా పెళ్లికూతుళ్లమా తల్లీ?" అన్నాడు పున్నయ్య. అరుగు మీదున్నవాళ్లంతా గొల్లుమన్నారు. హేమ కూడా నవ్వేసి వెళ్లిపోయింది.

ఒక పొద్దున పున్నయ్య మెట్టు మీద కూర్చుని కాళ్లు చాపుకుంటే, కుసుమకి ఆయన ఎడమ కాలి చిటికెనవేలు కంటపడింది. కిందివైపు నల్లగా ఉంది.

"మావయ్యా, ఆ వేలేంటి అంత నల్లగా ఉంది?"

"నలుపు కాచేవాడి కాలు నల్లగా ఉండక పచ్చగా ఉంటుందా అమ్మా?" అంటూ ఆయన కాలు పంచె కిందికి లాగేసుకున్నాడు. కోడలి ఎదుట కాళ్లు చాపుకున్నందుకే ఆయనకి సిగ్గేసినట్టుంది.

ప్రసాద్‌తో చెబితే అరచేతులు చాచి చూపించాడు. గోళ్ల సందుల్లో నలుపు, గీతల్లో ఎరుపు. "ఇదిగో, నావీ అంతే. నన్నూ బందరు తీసుకెళ్తావా?"

అదీ నిజమే. ఆ ఇంట్లో రంగు అంటని ఒళ్లు ఎవరిది? రంగేదో రోగమేదో ఎలా తెలుస్తుంది? పోనీ పుండు వాసనతో పట్టుకుందామన్నా, పులిసిన బెల్లం వాసన ఆయన పంచెలోనూ పక్కబట్టల్లోనూ ఎప్పుడూ ఉండేదే. కుసుమ నోరు మూసుకుంది గానీ మనసు మూసుకోలేదు.

షెడ్డు యజమాని శ్రీకృష్ణగారు పనివాళ్లందరికీ కలిపి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాడు. ఏ అచ్చు వెయ్యాలి, ఏ గుడ్డ ఆరింది, రేపెవరు రావాలి, అన్నీ అందులోనే. ఇంటి దగ్గర గుడ్డలు మడతపెట్టి కట్టలు కడుతుంది కాబట్టి కుసుమా అందులో ఉంది. పున్నయ్యకి రాయడం చేతకాదు, ఏం చెప్పాలన్నా గొంతు రికార్డు చేసి పంపుతాడు.

ఆ గ్రూపులోనే ఒకరోజు కుసుమ, షుగరుతో కుళ్లిపోయిన కాలి వీడియో ఒకటి పెట్టేసింది. పెట్టింది సరిగ్గా అన్నాల వేళ.

మొదటి జవాబు దుర్గాప్రసాద్‌ది. ప్రసాద్ పక్క బల్ల మీద అచ్చులేసే కుర్రాడు, నోరు ఊరుకోదు. "వదినా, ఇవాళ మా ఆవిడ చేపల పులుసు పెట్టింది. నీ పుణ్యమా అని మొత్తం పిల్లి తింది."

ఆ వెనకే శ్రీకృష్ణగారి మాట వచ్చింది: "గ్రూపులో పని విషయాలు మాత్రమే పెట్టండి."

ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఆ వీడియో చివరిదాకా చూడలేదు. చూపించినకొద్దీ మొహం తిప్పుకుంటారు జనం, అంతే కదా, నేనైనా అంతే అనుకుంది కుసుమ. పిల్లల జబ్బుల వీడియోలు తను మాత్రం పూర్తిగా చూస్తుందా? సగంలో కళ్లు మూసుకుని, మిగతా సగం ఊహించుకుని వణికిపోతుంది.

దారి వేరే చోట దొరికింది, అదీ పొరపాటున.

ఆరేసిన చీర మీద ఎరుపు సరిగ్గా దిగిందో లేదో చూడమని కుసుమ గ్రూపులో ఫోటో పెట్టింది. ఫోటోలో ఒక మూల ఆమె కాలు కూడా పడింది. చీర గురించి ఎవరూ మాట్లాడలేదు.

"చీర సంగతి సరే. వదిన కాలికి కరక్కాయ నీళ్లు అంటినట్టున్నాయే?" అన్నాడు దుర్గాప్రసాద్.

"కరక్కాయ కాదెహె, పటిక," అన్నారు ఇంకొకరు.

"పటిక అంత పచ్చగా ఉంటదా? కళ్లజోడు పెట్టుకో."

చీకటి పడేదాకా అదే గొడవ. చివరికి పున్నయ్య గొంతు వచ్చింది: "ఒరే, మీరంతా రంగుల పనిలో ఎందుకున్నార్రా, పకోడీల కొట్టు పెట్టుకోక? అది కరక్కాయే. మడమ దగ్గర నల్లగా తిరిగింది చూడండి, అక్కడ ఇనుము నీరు తగిలింది. కరక్కాయ మీద ఇనుము పడితే నలుపవుద్దని చంటిపిల్లాడికీ తెలుసు."

కుసుమ ఆ మాటలు మళ్లీ మళ్లీ వింది. రోగం వీడియోకి మొహం తిప్పుకున్న మనుషులే, రంగు కనబడేసరికి రెండువేళ్లతో ఫోటో పెద్దది చేసి మరీ చూస్తున్నారు. తప్పు పట్టే అవకాశం ఉంటే నిద్ర కూడా మానుకునేలా ఉన్నారు.

మర్నాడు పనులయ్యాక ఆమె శుభ్రంగా సబ్బుతో కాళ్లు కడుక్కుని, అరికాలి ఫోటో తీసి గ్రూపులో పెట్టి కింద రాసింది: "ఈ కాలు ఇవాళ ఏ పని చేసింది? కడిగిన తరవాత కూడా పోని రంగుని చూసి చెప్పాలి. మీరూ ఆడొచ్చు. కాళ్లు కడుక్కుని, అరికాలి ఫోటో నాకు పంపండి. పేరు చెప్పకుండా రోజుకొకటి పెడతాను."

శ్రీకృష్ణగారు మళ్లీ ఎక్కడ కోప్పడతాడోనని ఫోను బోర్లించి పెట్టేసింది. ఆయన కోప్పడలేదు. ఆయనే మొదటి ఊహ చెప్పాడు, అదీ తప్పు చెప్పాడు. ఇక జనం వదులుతారా?

అలా మొదలైంది ఆట. దీపాలు పెట్టే వేళకి గ్రూపులో ఒక అరికాలు ప్రత్యక్షమయ్యేది. జాడింపు కాలా, బల్ల దగ్గర కాలా, ఉడుకు గంగాళం దగ్గర కాలా అని వాదనలు. గెలిచినవాడు మర్నాడు షెడ్డులో కాలరెగరేసేవాడు. కడగని కాలు పంపితే "ముందు స్నానం చెయ్యరా" అని కుసుమకంటే ముందు మిగతావాళ్లే తరిమేవాళ్లు. ఫోటోకి బాగుండాలని మడమలు రుద్దుకోవడం, వేళ్ల సందులు తుడుచుకోవడం అలవాటైపోయింది. ఒక సాయంత్రం దుర్గాప్రసాద్ కాలు పెడితే, రంగు సంగతి పక్కన పెట్టి "ఆ మడమలో మెరిసేదేంటి?" అని అడిగారు. చూసుకుంటే అచ్చులకి కొట్టే సన్నని ఇత్తడి మేకు. ఎప్పుడు దిగిందో అతనికే తెలీదు.

"నా ఒంట్లో ఇత్తడి ఉందని మా ఆవిడకి చెప్పకండ్రా, తాకట్టు పెట్టేస్తది," అని రాశాడు. మర్నాడు వెళ్లి ఇంజెక్షను చేయించుకొచ్చాడు కూడా. ఆ వెంటనే శ్రీకృష్ణగారు షెడ్డు లోపల తొడుక్కోడానికి విడిగా మెత్తటి చెప్పులు తెప్పించాడు. బయటికి వెయ్యని చెప్పులు కాబట్టి అచ్చులకి అపచారం లేదని పెద్దవాళ్ల చేత ఒప్పించాడు.

పున్నయ్య ఆ ఆటకి జడ్జీ అయి కూర్చున్నాడు. ఆయన గొంతు వచ్చేదాకా ఏ కాలూ తేలేది కాదు. సాయంత్రం టీ తాగి, కళ్లజోడు పెట్టుకుని, అరుగు మీద ఫోను పట్టుకుని కూర్చుంటే బళ్లో మేష్టారు పేపర్లు దిద్దినట్టే ఉండేది. కానీ తన కాలు మాత్రం పంపడు. మెత్తటి చెప్పులూ తొడగడు.

"మీది కూడా ఒకసారి పెడదాం మావయ్యా," అంది కుసుమ, ఆట మాటగానే.

"తప్పమ్మా. ఎదటివాడి మొహాన కాళ్లు పెట్టడం మా ఇంటావంటా లేదు. కుర్రకారుకి చెల్లుద్ది. నా కాళ్లు దణ్ణం పెట్టడానికే గానీ ఫోటో తియ్యడానికి కాదు."

ఎవరి కోసం ఈ ఆటంతా మొదలుపెట్టిందో ఆ ఒక్క కాలే రావడం లేదు. ఊరందరి అరికాళ్లూ చూసింది, ఇంట్లో కాలు చూడలేకపోయింది. రాత్రిళ్లు పక్క మీద పడుకుంటే నాన్న కాలు గుర్తొచ్చేది. కాలు కాదు, కాలుండాల్సిన చోట దుప్పటి చదునుగా పడుండడం గుర్తొచ్చేది.

ఒకరోజు మధ్యాహ్నం పెరట్లో దుప్పట్లు ఉతుకుతున్న హైమావతి చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చింది. యామిని జుట్టు సవరించింది, నీళ్ల బిందె మీద మూత సర్దింది.

"ఏవైంది అత్తయ్యా?"

"ఆయన దుప్పటికి కాళ్ల దగ్గర తడి మరక ఉందే. నలుపు కాదు. పసుప్పచ్చగా, జిగటగా ఉంది." గొంతు తగ్గించింది. "ఆ ఫోను ఇలా ఇయ్యి. ఎక్కడ నొక్కాలో చెప్పు."

"అత్తయ్యా, మావయ్యకి తెలిస్తే..."

"ఆయన కాళ్లు నాకంటే ఎవరికి తెలుసు? తిడితే నన్ను తిడతాడు. నువ్వు గుమ్మం బయటే ఉండు."

పున్నయ్య అన్నం తిని నడవాలో చాప మీద కునుకు తీస్తున్నాడు. హైమావతి ముందు తడిగుడ్డతో అరికాలు మెల్లగా తుడిచింది. ఆయన కదల్లేదు. చిటికెనవేలి దగ్గర గట్టిగా అద్దినా కదల్లేదు. గుమ్మం బయటనుంచి చూస్తున్న కుసుమకి ఆ కదలకపోవడమే ఫోటో కంటే ఎక్కువ చెప్పింది.

ఫోటోలో చిటికెనవేలు కిందివైపంతా నల్లగా ఉంది. నలుపు వేలి మొదలు దాటి అరికాల్లోకి కొద్దిగా జారింది.

"ప్రసాద్‌కి చూపిద్దాం," అంది హైమావతి.

"చూపిస్తే రంగే అంటారు అత్తయ్యా. ఆయన ముందు నా మాట ఎప్పుడు చెల్లింది గనక? పోనీ మావయ్యకే చూపిద్దామన్నా, నా కాలు నాకు తెలీదా అంటారు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరవాత కుసుమ చేసిన పని ధైర్యంతో చేసింది కాదు, వేరే దారి లేక చేసింది. పేరు లేకుండా, ఎప్పట్లాగే కింద అదే ప్రశ్న రాసి, ఆ ఫోటో గ్రూపులో పెట్టేసింది.

ఊహలు మొదలయ్యాయి.

"ఇదేం ప్రశ్న? నలుపు. కళ్లు మూసుకుని చెప్తా."

"పున్నయ్య బాబాయి దగ్గర కొత్తగా చేరిన శిష్యుడెవడో కుండలో కాలు పెట్టేసినట్టున్నాడు," అన్నాడు దుర్గాప్రసాద్.

ప్రసాద్ కూడా షెడ్డులోంచి రాశాడు: "నలుపే." కన్నకొడుకు తండ్రి కాలు పోల్చుకోలేదు. పోల్చుకోలేదని కుసుమ తప్పు పట్టలేదు. తండ్రి అరికాలు ఏ కొడుకు చూస్తాడు?

పున్నయ్య లేచాడు. మొహం కడుక్కున్నాడు. టీ తాగి, కళ్లజోడు తుడుచుకుని అరుగు మీద కూర్చున్నాడు. కుసుమ తలుపు వెనక నిలబడింది. హైమావతి లోపల బియ్యం ఏరుతున్నట్టు కూర్చుంది గానీ చేతులు ఆడటం లేదు.

ఆయన ఫోటో పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. ఫోను దూరంగా పట్టుకున్నాడు, దగ్గరికి తెచ్చుకున్నాడు. తరవాత గొంతు రికార్డు చెయ్యడం మొదలెట్టాడు. కుసుమ ఆ మాటలు మొదట ఆయన నోటినుంచి, వెంటనే తన చేతిలోని ఫోనునుంచి వింది.

"ఒరే, మీ కళ్లేమయ్యాయిరా? ఇది నలుపు కాదు. నా రంగు నాకు తెలీదా? ఇనుము నలుపు చర్మం గీతల్లో దిగుద్ది, మడమ పగుళ్లలో నిలుస్తుంది. కడిగితే అంచులు పలచబడతాయి. ఇక్కడ గీతలు లేవు, చర్మమే బిగుసుకుపోయి ఉంది. అంచు చుట్టూ ఎరుపు తిరిగింది. అది మనం వేసే మంజిష్ఠ వేరు ఎరుపు కాదు, మంట ఎరుపు. ఇది పైనుంచి పడ్డ రంగు కాదురా, లోపల్నుంచి వస్తోంది. ఎవడిదో గానీ ఈ కాలు, వాణ్ణి ఇప్పుడే ఈ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లోవాళ్లు ఏం చేస్తున్నారు, గుడ్డివాళ్లా?"

గ్రూపు చప్పబడిపోయింది.

"కుసుమా," అని పిలిచాడు ఆయన. "ఎవరిదమ్మా అది? నీకే పంపుతారుగా. దాయకు, చెప్పు. ప్రాణం మీదికొచ్చే పని."

కుసుమ తలుపు చాటునుంచి బయటికొచ్చింది. ఎలా చెప్పాలో తెలీలేదు. చెప్పేసింది.

"మీదే మావయ్యా."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. ఎడమ కాలు ఎత్తి ఒళ్లో పెట్టుకుని చూడబోతే మోకాలు వంగలేదు. పక్కకి తిప్పబోయాడు, కనబడలేదు.

హైమావతి వచ్చి గుమ్మంలో నిలబడింది. "నేనే తీశాను. మీరు పడుకున్నప్పుడు."

"నా కాళ్లు ఊరందరికీ చూపిస్తావే?" కోపంగానే మొదలెట్టాడు. "సిగ్గు లేదూ..." మళ్లీ ఫోటో వంక చూశాడు. ఈసారి వేరేవాళ్ల కాలిని చూసినట్టు చూడలేదు.

"నొప్పి లేదే," అన్నాడు, తనలో తను. తరవాత కోడలి వైపు తిరిగి, చిన్నపిల్లాడు అడిగినట్టు, "అసలు నొప్పే లేదు కదమ్మా," అన్నాడు.

"మా నాన్నకీ లేదు మావయ్యా."

అంతే. "పంచె మార్చుకొస్తాను," అని లేచాడు.

ఆటోతో వచ్చింది దుర్గాప్రసాద్. గ్రూపులో ఎవరూ ఏమీ చెప్పకపోయినా, పున్నయ్య గొంతు విన్నాక, ఇంతవరకు ఆటలోకి రాని కాలు ఎవరిదో గుర్తొచ్చి అతనికి అర్థమైపోయింది. వాళ్లని ఎక్కించుకుని బందరు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. కుసుమ ఫోను అందగానే ప్రసాద్ షెడ్డునుంచి నేరుగా ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చాడు. చేతులకి రంగు అలాగే ఉంది. నాన్న పక్కన కూర్చుని ఆ కాలిని రెండు చేతులా పట్టుకున్నాడు.

డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. చిటికెనవేలు పోయినట్టే, తీసెయ్యాలి. చీము ఇంకా ఎముక దారి పట్టలేదు కాబట్టి పాదం దక్కుతుంది. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే ఎంతవరకు తియ్యాల్సొచ్చేదో చెప్పలేను అన్నాడు. ఆ మాట విని ఏడుస్తాననుకుంది కుసుమ. ఏడుపు రాలేదు. బయటి బెంచీ మీద కూర్చుని, యామిని పొద్దున తినగా మిగిల్చిన బిస్కెట్టు ముక్క కొంగున ఉంటే, అది నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది.

వార్డులో పక్క మంచం మీద నాగాయలంక నుంచి వచ్చిన మధుసూదనరావు అనే రొయ్యల రైతు ఉన్నాడు. ఆయనకి పాదం సగం తీసేశారు. పున్నయ్య కట్టు చూసి, "మీరు తొందరగానే కనిపెట్టారు, అదృష్టవంతులు," అన్నాడు.

"నేనెక్కడ కనిపెట్టానండీ? నా కాలిని చూసి ఎవడిదో అనుకుని తిట్టాను," అన్నాడు పున్నయ్య. ఆ మాట అనేసి ఆయనే నవ్వాడు. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. మధుసూదనరావు కథంతా చెప్పించుకుని విన్నాడు. తరవాత కుసుమని పిలిచి, "అమ్మాయ్, మా చెరువుల మీద పనిచేసేవాళ్లంతా ఉప్పునీళ్లలోనే ఉంటారు. మా గ్రూపులోనూ ఇలాంటిదొకటి ఎలా పెట్టాలో మా తమ్ముడికి చెబుదువూ," అని నంబరిచ్చాడు.

"బురద కాళ్లకి రంగుండదుగా బాబాయిగారూ," అంది కుసుమ. "మీవాళ్లు దేని గురించి పోట్లాడుకుంటారో కనుక్కోండి. అక్కణ్ణుంచి మొదలెడదాం."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనకే ఆశ్చర్యమేసింది. ప్రసాద్ కూడా తలెత్తి చూశాడు. ఇంటికొచ్చే దారిలో, బస్సులో, "ఇక మీదట నీకు భయమేస్తే నాతో చెప్పు. నవ్వను," అన్నాడు. "నవ్వినా ఫర్వాలేదండీ, చూడండి చాలు," అంది ఆమె.

ఇంటికి చేరాక పున్నయ్య మనిషి మారిపోయాడని చెబితే అబద్ధమవుతుంది. టీలో చక్కెర కోసం అలాగే సతాయించాడు. తడిలో నిలబడకూడదంటే, కాలవ దగ్గరికి కుర్చీ వేయించుకుని అక్కణ్ణుంచే జాడించేవాళ్ల మీద అరిచాడు. కుసుమ భయం కూడా ఎక్కడికీ పోలేదు. కట్టు విప్పి మందు రాసిన ప్రతిసారీ నలుపు ఎక్కడన్నా పాకిందేమోనని రెండుసార్లు చూసేది. కానీ మాత్రలు అడిగి వేసుకుంటున్నాడు. మెత్తటి చెప్పులు తొడిగాడు. కట్టు మార్చేటప్పుడు కోడలి ఎదుట కాలు చాపడానికి సిగ్గుపడటం మానేశాడు.

ఒక సాయంత్రం పెరట్లో పీట మీద కూర్చుని, ఆరేసిన గుడ్డలు తీస్తున్న భార్య వంక చాలాసేపు చూశాడు.

"ఏమే, ఇలా రా. ఆ ముక్కాలి పీట మీద కాళ్లు పెట్టు."

"ఏంటి?"

"నీ కాళ్లు చూడాలి."

హైమావతి కుచ్చిళ్లు గబుక్కున కిందికి లాక్కుంది. "మీకేమన్నా మతి పోయిందా? మొగుడు పెళ్లాం కాళ్లు పట్టుకుంటాడా, అపచారం! నాకు షుగరు లేదు, ఏం లేదు."

"లేదని ఎవడు చెప్పాడు? నువ్వెప్పుడు చూపించుకున్నావు? నా దుప్పటి మీద మరక నువ్వు చూశావు. నీ దుప్పటి ఎవరు ఉతుకుతున్నారు?"

ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుని, కుడికాలు పీట మీద పెట్టింది. మడమ పగిలి బీటలు వారి ఉంది, సందుల్లో ఎన్నాళ్లదో రంగు. పున్నయ్య కళ్లజోడు సర్దుకుని వంగాడు.

కుసుమ అలవాటు కొద్దీ ఫోను చేతిలోకి తీసుకుంది.

"ఫోటో వద్దమ్మా," అన్నాడు ఆయన తలెత్తకుండానే. "ఇది నేను చూసుకుంటా. ఆ ఎర్రగుడ్డ కాస్త పక్కకి లాగు, దాని నీడ పడి ఏ రంగూ తెలీడం లేదు."

కుసుమ ఫోను బొడ్లో దోపుకుని, తీగ మీది గుడ్డని పక్కకి లాగింది. సాయంకాలపు ఎండ అత్తగారి పాదం మీద పడింది.